క్లచ్ తొక్కే కాలు ఎవరిది?

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. నా పికప్ వెనక జనరేటర్ ట్రాలీ. సెట్టు, దాని మీద డబ్బా, డీజిలు, కేబుల్ చుట్టలు అన్నీ కలిపి రెండు టన్నుల పైమాటే. అరకులో పెళ్లి. పొద్దుగూకేసరికి లైట్లు వెలగాలి. ఒక మలుపులో ఎదురుగా లారీ దిగుతుంటే దారివ్వడానికి ఆగాం. ఆగడం తేలిక. మళ్లీ కదలడమే ప్రాణం మీదికి వచ్చింది. మా డ్రైవరు మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు పట్టి, హాఫ్ క్లచ్‌లో యాక్సిలరేటర్ తొక్కాడు. బండి గీపెట్టింది గానీ అంగుళం కదల్లేదు. రెండోసారి తొక్కితే కదిలినట్టే కదిలి వెనక్కి జారింది. వెనక ట్రాలీ పక్కకు మళ్లడం మొదలెట్టింది. క్లీనరు కుర్రాడు దూకి చక్రం కింద చెక్క పెట్టాడు. వాడి చెయ్యి టైరుకీ చెక్కకీ మధ్య నుంచి తప్పించుకోవడం నేను కళ్లారా చూశాను. మూడోసారికి కాలిన వాసన వచ్చింది. గోరు కాలితే వచ్చేలాంటి వాసన. క్లచ్ ప్లేటు పోయింది. ఆ పెళ్లిలో లైట్లు సమయానికి వెలగలేదు.

నేను విశాఖలో ఇరవయ్యేళ్లుగా జనరేటర్లు, లైట్లు అద్దెకిస్తున్నాను. బరువు లాగడమే నా బతుకు. ఆ పికప్ కొన్నప్పుడు షోరూంలో నేను ఒక్కటే అడిగాను: లోడు లాగడానికి ఆటోమేటిక్ ఏదైనా ఉందా? కౌంటర్లో ఉన్నాయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "లోడుకి మాన్యువలే సార్. ఆటోమేటిక్ అంటే సిటీలో ఆడవాళ్ల కోసం." ఆ ఒక్క మాటలో రెండు అబద్ధాలు, ఒక అవమానం ఉన్నాయి. నేను నమ్మాను. నాలాగే నమ్మినవాళ్లు, నమ్మించినవాళ్లు మన తెలుగు రాష్ట్రాల్లో వేలమంది ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా చెప్తున్నాను. బరువు లాగే బండికి క్లచ్ పెడల్ ఉండకూడదు. మన కళ్లముందున్న లెక్కలన్నీ ఆ మాటే చెప్తున్నాయి.

ముందు ఆ ప్లేటు ఎందుకు కాలిందో చూద్దాం. ఇంజన్ తిరుగుతూ ఉంటుంది, చక్రం ఆగి ఉంటుంది. ఆ రెంటినీ కలపడానికి మధ్యలో ఉన్నది ఒక రాపిడి బిళ్ల. కాలు మెల్లగా వదులుతున్నంత సేపూ ఆ బిళ్ల జారుతూ, ఒరుసుకుంటూ ఉంటుంది. చదును రోడ్డు మీద బండి కదిలి క్లచ్ పూర్తిగా పట్టేలోపు చక్రాలకు ఎంత శక్తి చేరుతుందో, ఇంచుమించు అంత శక్తీ ఆ బిళ్లలో వేడిగా మిగులుతుంది. వెనక ట్రాలీ తగిలించి బరువు రెట్టింపు చేస్తే ఆ వేడి కూడా రెట్టింపు. ఎత్తు మీదైతే కొండ లాగే బరువు దానికి అదనం. డ్రైవరు ఎంత నేర్పరి అయినా ఈ లెక్క మారదు. నేర్పుంటే ప్లేటు ఇంకో ఏడాది బతుకుతుందేమో, అంతే. కాలిన ప్రతిసారీ "డ్రైవింగ్ రాదురా నీకు" అని డ్రైవర్ని తిట్టి, మరమ్మతు ఖర్చు వాడి బత్తాలో కోసే ఓనర్లను నేను ఎరుగుదును. మా డ్రైవర్ని ఆ రోజు ఘాట్ మీద నేనూ తిట్టాను. తప్పు వాడిది కాదు. ఆ బండి కొన్నవాడిది.

అసలైన ఆటోమేటిక్‌లో ఆ రాపిడి బిళ్ల స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ తిప్పే రెక్కలు నూనెను విసిరితే, ఆ నూనె అవతలి రెక్కలను తోస్తుంది. బరువు కదలక మొండికేసిన ఆ మొదటి క్షణంలోనే అది ఇంజన్ ఇచ్చే తిప్పుడు బలాన్ని సుమారు రెట్టింపు చేసి గేరుబాక్సుకు అందిస్తుంది. క్లచ్ ఎంత బాగా పట్టినా ఇంజన్ ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వలేదు. అక్కడ పుట్టే వేడి నూనెలోకి వెళ్తుంది, నూనె కూలర్‌కు వెళ్తుంది, గాలికి చల్లారుతుంది. ఒరుసుకుని అరిగిపోయే బిళ్ల ఆ దారిలో ఉండదు. బండి వేగం అందుకున్నాక లోపలే ఒక లాకు పడి ఇంజన్ నేరుగా గేరుబాక్సును తిప్పుతుంది. కాబట్టి "ఆటోమేటిక్ డీజిల్ తాగేస్తుంది" అనే మాట లాకు లేని పాతకాలపు బండ్ల నుంచి మిగిలిపోయిన మాట.

ఎక్కేటప్పుడు ఇంకో సంగతి ఉంది. మాన్యువల్‌లో గేరు మార్చాలంటే క్లచ్ తొక్కాలి. తొక్కిన ఆ అర సెకనో సెకనో ఇంజన్ లాగడం ఆగిపోతుంది. ఖాళీ కారుకు అది లెక్కలోది కాదు. వెనక రెండు టన్నులు వేలాడుతుంటే ఆ సెకనులోనే కొండ నీ వేగాన్ని తినేస్తుంది. మూడు నుంచి రెండుకు దించేలోపు రెండు కూడా చాలని స్థితి వస్తుంది. గేరు తప్పితే బండి ఆగుతుంది. ఆగితే మళ్లీ హాఫ్ క్లచ్, మళ్లీ వాసన. టార్క్ కన్వర్టర్ గేరుబాక్సు లాగుతూనే గేరు మారుస్తుంది, లాగుడు తెగదు. వెనక్కి తీసుకోవడం సంగతి లాగుడు బండి నడిపిన ఎవరినైనా అడగండి. ట్రాలీని ఇరుకు సందులోకి రివర్స్‌లో దూర్చాలంటే బండి చీమ నడక నడవాలి. రివర్స్ గేరు తనంతట తాను పోయే వేగం కూడా అక్కడ ఎక్కువే. అందుకని కల్యాణమండపం గేటు దగ్గర పది నిమిషాలు హాఫ్ క్లచ్ మీదే నిలబెడతారు. ఆ పది నిమిషాల్లో ప్లేటుకు జరిగే నష్టం హైవే మీద నెల తిరిగినా జరగదు.

ఇది నా ఊహ అనుకునేవాళ్లు బండ్ల కంపెనీలు తమ కాగితాల మీద ఏం రాసుకున్నాయో చూడండి. మన దేశంలో అమ్మే టయోటా ఫార్చ్యూనర్ 2.8 డీజిల్‌లో మాన్యువల్‌కు ఇచ్చే టార్క్ 420 న్యూటన్ మీటర్లు. అదే ఇంజన్, ఆటోమేటిక్ అయితే 500. హైలక్స్ పికప్‌లోనూ అదే 420, అదే 500. మహీంద్రా స్కార్పియో ఎన్‌లో ఎక్కువ బలమిచ్చే డీజిల్ ఇంజన్‌లో మాన్యువల్‌కు 370, ఆటోమేటిక్‌కు 400. ఎక్స్‌యూవీ 700 డీజిల్‌లో 420, 450. ఒకే ఇంజన్‌ను మాన్యువల్‌కు జతచేసినప్పుడు బలం తగ్గించి ఇస్తున్నారు. పూర్తి బలం ఆటోమేటిక్ చేతికే అప్పగిస్తున్నారు. అమెరికాలో పెద్ద ట్రైలర్లు లాగే రామ్ పికప్‌లకు కమ్మిన్స్ డీజిల్‌తో మాన్యువల్ 2018 మోడల్ దాకా దొరికేది. ఆ ఏడాది మాన్యువల్‌కు సుమారు 895 న్యూటన్ మీటర్లు ఇస్తే, అదే ఇంజన్‌ను గట్టి ఆటోమేటిక్‌తో అమ్మినప్పుడు 1,260 దాకా ఇచ్చారు. ఆ తర్వాత మాన్యువల్‌నే తీసేశారు. తయారుచేసినవాడికే నమ్మకం లేని చోట కౌంటర్లో కూర్చున్నవాడు "లోడుకి మాన్యువలే" అంటుంటే మనం తలూపుతున్నాం.

అయితే ఆటోమేటిక్ అని స్టిక్కరు ఉన్న ప్రతిదాన్నీ నేను వెనకేసుకురావడం లేదు. ఈ దేశంలో ఆ పేరుతో జరుగుతున్న మోసం మీద కూడా నాకు అంతే కోపం. 2014లో మారుతి సెలేరియోతో చవక ఆటోమేటిక్ మన రోడ్ల మీదికొచ్చింది. అది ఏఎమ్‌టీ. దాని లోపల ఉన్నది అదే క్లచ్ బిళ్ల, అదే మాన్యువల్ గేరుబాక్సు. మన కాలికి బదులు ఒక యంత్రం క్లచ్ తొక్కుతుంది. ట్రాఫిక్‌లో కాలికి సుఖమే. వెనక బరువు తగిలిస్తే మాత్రం ఆ బిళ్లకు మన కాలు కిందైతేనేం, యంత్రం కిందైతేనేం, కాలడం తప్పదు. రెండు క్లచ్‌ల పొడి రకం డీసీటీ కూడా పాకే ట్రాఫిక్‌లో, ఏటవాలులో వేడెక్కి మొరాయించే జాతి. సీవీటీ కార్లలో లాగుడంతా పుల్లీల మధ్య తిరిగే బెల్టు మీద పడుతుంది. లాగుడు కోసం కొనేవాడు ఈ మూడింటి జోలికి పోకూడదు. షోరూంలో అడగాల్సింది "ఆటోమేటిక్ ఉందా" అని కాదు, "టార్క్ కన్వర్టర్ ఉందా, నూనె కూలర్ ఉందా, ఎంత బరువు లాగొచ్చని కంపెనీ పుస్తకంలో రాసింది" అని. జవాబు చెప్పలేనివాడి దగ్గర అడ్వాన్సు కట్టొద్దు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వస్తాను. నా రెండు టన్నులు ఏపాటి? స్టీల్ ప్లాంటు నుంచి కాయిల్స్ వేసుకుని హైదరాబాద్ పోయే ట్రైలర్ లారీల సంగతి చూడండి. 2018 జూలైలో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. ట్రైలర్ బండ్లు బండి బరువుతో కలిపి మొత్తం 55 టన్నుల దాకా ఉండొచ్చు. బరువు పెంచినప్పుడు ఆ బరువును కదిలించే ఎడమ కాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. లంకెలపాలెం కూడలి దగ్గర టీ బడ్డీలో ఒక ట్రైలర్ డ్రైవరు పక్కన కూర్చున్నాను. యాభై దాటిన మనిషి. లుంగీ పైకి లాగి ఎడమ మోకాలు చూపించాడు. కుడి మోకాలి కంటే స్పష్టంగా లావుగా ఉంది, చుట్టూ క్రేప్ బ్యాండేజీ, దాని కింద ఏదో ఆకు పసరు మరక. "కుడి కాలు నాదే బాబూ. ఈ ఎడమ కాలు మాత్రం మా ఓనరుది. ఆయనకే అరగదీసిచ్చేసినాను," అన్నాడు. ఆయన బండిలో ఒకసారి గాజువాక నుంచి అనకాపల్లి దాకా వెళ్లాను. సిగ్నళ్లు, స్కూలు ఆటోలు, రోడ్డు మరమ్మతులు, అడ్డం వచ్చే ఆవులు. ఆయన క్లచ్ తొక్కినప్పుడల్లా వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండు వందలు దాటాక మానేశాను. అనకాపల్లి ఇంకా రాలేదు.

హైదరాబాద్ చేరేసరికి ఎన్నిసార్లో ఎవరికి వాళ్లు ఊహించుకోండి. ఇరవయ్యేళ్లకు ఎన్నో కూడా ఊహించుకోండి. ఈ మనిషి మోకాలికి బీమా లేదు, పింఛను లేదు. మోకాలు పోతే బండి ఇంకొకడికి ఇస్తారు. కొత్తవాళ్లు లారీ స్టీరింగ్ పట్టడానికి రావడం లేదని గగ్గోలు పెట్టే ఓనర్లంతా ఒక్కసారి ఆ క్రేప్ బ్యాండేజీ వైపు చూడాలి.

యూరప్‌లో ఈ కథ ఎప్పుడో ముగిసింది. వోల్వో 2001లోనే ఐ షిఫ్ట్ పేరుతో పన్నెండు గేర్ల ఆటోమేటెడ్ గేరుబాక్సు తెచ్చింది. మెర్సిడెస్, స్కానియా కూడా అలాంటివే ఇస్తున్నాయి. అక్కడ కొత్తగా రోడ్డెక్కే పెద్ద లారీల్లో క్లచ్ పెడల్ ఉన్నది వెతికినా దొరకడం కష్టం. ఇదీ ఏఎమ్‌టీయే కదా, ఇందాక దాన్ని తిట్టి ఇప్పుడు మెచ్చుకుంటున్నానని ఎవరైనా పట్టుకుంటారేమో. పెద్ద లారీలో పెట్టేదానిలోనూ క్లచ్ బిళ్ల ఉంటుంది, నిజమే. కానీ దాని బిళ్ల ఆ బరువుకు సరిపడా కట్టింది. బరువెక్కువైతే పన్నెండు గేర్లలో చిన్నదాన్ని ఎంచుకుని కదులుతుంది. బరువెంతో, ఎత్తెంతో అదే కొలుచుకుని ఏ గేరులో కదలాలో తేల్చుకుంటుంది. చిన్న కారులో ఆ అవకాశం లేదు. మన దగ్గర టాటా, భారత్ బెంజ్ కూడా కొన్ని పెద్ద బండ్లలో ఇలాంటివి ఇస్తున్నాయి. ఇస్తున్నా కొనేవాడు తక్కువ. ఎందుకంటే బండి ధరలో తేడా ఓనరు జేబులోంచి పోవాలి. మోకాలి ఖర్చు డ్రైవరుది.

నాతో వాదించేవాళ్లు చివరికి పట్టుకునే మాట ఒక్కటే: "ఘాట్ దిగేటప్పుడు గేరు మన చేతిలో ఉండాలి." సరే, దిగుడు గురించే మాట్లాడదాం. మాన్యువల్ చేతిలో ఉన్న మన డ్రైవర్లు దిగుడులో ఏం చేస్తున్నారు? న్యూట్రల్ కొడుతున్నారు. నాలుగు లీటర్ల డీజిల్ మిగిలితే ఓనరు మెచ్చుకుంటాడని, లేదా ఆ డీజిలు అమ్ముకుంటే బత్తాకు తోడవుతుందని. తమిళనాడు ధర్మపురి జిల్లాలో తొప్పూరు ఘాట్ ఉంది, బెంగళూరు నుంచి సేలం పోయే దారిలో. మన లారీలు రోజూ దిగే చోటు. న్యూట్రల్‌లో దిగి, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తే ముందున్న బండ్లన్నిటినీ తొక్కుకుంటూ పోయిన ప్రమాదాలకు ఆ ఘాట్ పేరుమోసింది. 2022 నవంబరులో పుణె నవలే బ్రిడ్జి దగ్గర ఒక్క లారీ పదుల కొద్దీ వాహనాలను గుద్దింది. బ్రేకులు ఫెయిలవడం కాదు, న్యూట్రల్‌లో ఇంజన్ ఆపి దించాడని పోలీసులు చెప్పారు. ఇంజన్ ఆగితే బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది, పవర్ స్టీరింగ్ ఆగుతుంది. గేరు చేతిలో ఉండటమంటే ఇదేనా?

న్యూట్రల్ కొట్టనివాడికీ మాన్యువల్‌లో ఒక ఉచ్చు ఉంది. దిగుడులో వేగం పెరిగాక నాలుగు నుంచి మూడుకు దించబోతాడు. నాలుగు ఊడుతుంది, మూడు పడదు. గేరుబాక్సు గరగరమంటుంది. అప్పుడు బండి న్యూట్రల్‌లో ఉంటుంది, మొత్తం 55 టన్నుల బరువు ముందుకు తోస్తుంటుంది. ఆ క్షణం చూసినవాడెవడూ "కంట్రోల్" అనే మాట వాడడు. ఆటోమేటిక్‌లో కూడా దిగుడుకు పద్ధతి ఉంది, దాన్ని నేర్వాలి. డ్రైవ్ (డీ)లో పెట్టి బ్రేకు మీద కాలేసి దించేవాడు మూర్ఖుడే. ఘాట్ మొదలవక ముందే మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి రెండో గేరులోనో మొదటి గేరులోనో బిగించాలి. లారీలోనైతే చక్రాల బ్రేకుల మీద భారం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు, రిటార్డరు వాడాలి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. తేడా ఏమిటంటే, మీట లాగితే గేరు పడుతుంది. కాలూ చెయ్యీ ఒకేసారి కుదరకపోతే ఊడిపోయేది అక్కడ లేదు. రెండు కళ్లూ అద్దాల మీద, వెనక ఊగే ట్రాలీ మీద ఉంచుకోవచ్చు.

ఒక్క అభ్యంతరాన్ని మాత్రం నేను ఒప్పుకుంటాను. మాన్యువల్ చెడితే ఒడిశా సరిహద్దులో ఏ దాబా పక్కనైనా ఒక మెకానిక్ చాప పరుచుకుని, గేరుబాక్సు దించి, సాయంత్రానికి ఎక్కిస్తాడు. ఆటోమేటిక్ చెడితే వాడు చేతులెత్తేస్తాడు. బండి లాక్కుని కంపెనీ వర్క్‌షాపు దాకా పోవాలి, అక్కడ వారాలు పట్టొచ్చు. నిజం. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్‌ను బోల్టు బోల్టు విప్పి మళ్లీ పుట్టించగల చేతులున్నాయి. ఆ చేతులకు టార్క్ కన్వర్టర్, వాల్వ్ బాడీ నేర్పే బాధ్యత బండ్లు అమ్ముకుని లాభం తీసుకునే కంపెనీలది, ఐటీఐలు నడిపే ప్రభుత్వాలది. నేర్పకుండా "రిపేరు దొరకదు" అని భయపెట్టడం అన్యాయం. నూనె విషయంలోనూ ఒక మాట. జీవితాంతం మార్చక్కర్లేని గేరు ఆయిల్ అని ఎవరైనా చెప్తే లాగుడు బండి ఓనరు నమ్మొద్దు. ఆటోమేటిక్‌కు శత్రువు వేడి. బరువు లాగే బండిలో నూనె త్వరగా మాడుతుంది. రంగు నల్లబడి, కాలిన వాసన వస్తుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. దానికంటే ముందే మార్చాలి, అదనంగా ఒక కూలర్ బిగించాలి.

ఆ పికప్ అమ్మేసి నేను ఒక పాత ఎస్‌యూవీ కొన్నాను, టార్క్ కన్వర్టర్ ఉన్నది. అదే ట్రాలీ, అదే డ్రైవరు, అదే అనంతగిరి ఘాట్. వాన కాలం, మబ్బు రోడ్డు మీదికి దిగింది. పోయినసారి ప్లేటు పోయిన మలుపు దగ్గరే కావాలని ఆపించాను. క్లీనరు చెక్క పట్టుకుని దూకబోతే ఆపాను. మా వాడు బ్రేకు మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాడు. బండి కాస్త ఊపిరి పీల్చినట్టు ఆగి, కదిలింది. వాసన లేదు, జారడం లేదు. మా డ్రైవరు తన ఎడమ కాలు వైపు ఒకసారి చూసుకున్నాడు. అది పెడల్ లేని చోట, ఖాళీగా, నేల మీద ఉంది.

2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. ఓనర్లు ధర పెరుగుతుందని గునిశారు, అయినా అమలైంది. డ్రైవరు వేడికి సొమ్మసిల్లకూడదని ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు, వాడి మోకాలు అరిగిపోకూడదని ఒప్పుకోవడానికి అడ్డేమిటి? 55 టన్నులకు అనుమతి ఇచ్చిన చేతితోనే, ఆ బరువు లాగే బండికి క్లచ్ పెడల్ ఉండకూడదని రాయాలి.

అప్పటిదాకా ఓనర్లకు నాదొక విన్నపం. కొత్త బండికి అడ్వాన్సు కట్టేముందు, ఒక్క పగలు లోడుతో ఉన్న మీ ట్రైలర్ మీరే ఎక్కండి. గాజువాకలో స్టీరింగ్ పట్టి, అనకాపల్లిలో దిగండి. మీ ఎడమ కాలితో క్లచ్ తొక్కండి. దిగాక ఏ బండి బుక్ చేస్తారో మీరే తేల్చుకోండి.